స్క్రోల్ సా ముందు మళ్లీ కూర్చునేవారికి సమగ్ర మార్గదర్శి

స్క్రోల్ సా అంటే సన్నటి బ్లేడును పైకీ కిందికీ ఆడిస్తూ చెక్కలో వంపులు కోసే యంత్రం. కొన్నేళ్లు పక్కన పెట్టిన ఆ పనిని మళ్లీ మొదలుపెట్టేవారికి, కొత్తగా నేర్చుకునేవారికి లేని చిక్కు ఒకటి ఉంటుంది. ఏం చేయాలో తెలుసు. బ్లేడును బెజ్జంలోంచి ఎలా దూర్చాలో, లోపలి భాగాలు ఎందుకు ముందు కోయాలో మరిచిపోలేదు. ఆపేసేనాటికి ఎంత నాజూకు పని చేసేవారో అదీ కళ్లముందే ఉంది. పోయిందల్లా చెక్కను బ్లేడు మీదికి ఎంత మెల్లగా నెట్టాలో చేతికి ఉండే అంచనా. అది తిరిగి వచ్చేదాకా కోత గీత తప్పుతుంది, బ్లేడ్లు తెగుతాయి, చెక్క అంచులు మాడతాయి.

యంత్రం వదులైనా, బ్లేడు మొండిబారినా, వెలుతురు చాలకపోయినా మనం తెలియకుండానే ఇంకాస్త గట్టిగా నెడతాం. చేయి పాడయ్యేది అక్కడే. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా యంత్రం, బ్లేడు, కూర్చునే తీరు గురించే ఉంటుంది. కొత్త యంత్రం కొనాలన్న ఆలోచన ఉంటే దాన్ని కొన్నాళ్లు వాయిదా వేయండి. పాత యంత్రానికి మంచి బ్లేడు బిగించి చూడకుండా దాని మీద తీర్పు చెప్పడం సరికాదని నా గట్టి నమ్మకం.

మొదటి మెట్టు: యంత్రాన్ని మేల్కొలపడం

ప్లగ్గు పెట్టకముందే వైరు పొడవునా చూడండి. ఎక్కడైనా పగిలినా, ఎలుక కొరికినా వైరు మార్చాల్సిందే. మోటారు గాలి రంధ్రాల్లో గడ్డకట్టిన రంపపు పొట్టును బ్రష్షుతోనో గాలి ఊదే పంపుతోనో తీసేయండి. పొట్టు ఊదే గొట్టం రబ్బరుదైతే ఏళ్లు గడిచేసరికి చీలికలు పడుతుంది. ఆ గాలి లేకపోతే గీత కనపడదు, కాబట్టి దాన్నీ ఒకసారి పరీక్షించాలి.

ఇనుప బల్ల తుప్పు పట్టి ఉంటే సన్నటి స్టీల్ ఊలుకు రెండు చుక్కల నూనె అద్ది రుద్దండి. పూర్తిగా తుడిచాక పేస్ట్ వ్యాక్స్ పట్టించి గుడ్డతో మెరుగు పెట్టండి. బల్ల నున్నగా ఉంటే చెక్క వేలితో తోసినా జారుతుంది. సిలికాన్ కలిసిన పాలిష్ మాత్రం వాడకండి. అది చెక్కకు అంటుకుని తర్వాత వార్నిష్ పట్టనివ్వదు.

ప్లగ్గు తీసి ఉంచి, యంత్రం పై చేతిని, అంటే బ్లేడు పై కొనను పట్టుకునే కమ్మీని, పట్టుకుని పైకీ కిందికీ, ఆపైన పక్కలకూ కదిపి చూడండి. పైకీ కిందికీ తేలికగా ఆడాలి, పక్కలకు ఊగకూడదు. ఊగితే ఆ చేయి కదిలే కీళ్ల దగ్గరుండే బుష్‌లో, బేరింగులో అరిగాయన్నమాట. కంపెనీ నూనె వేయమన్న చోట వేయండి. ఆ తర్వాత యంత్రాన్ని బరువైన బల్లకు బోల్టులతో బిగించండి. మధ్యలో రబ్బరు షీటు ముక్క వేస్తే అదురు ఇంకా తగ్గుతుంది.

చాలామంది పట్టించుకోనివి బ్లేడును పట్టుకునే క్లాంపులు. ఏళ్ల తరబడి బిగించీ వదిలీ వాటి లోపలి ముఖాలు నున్నబడతాయి, బ్లేడు జారిపోతూ ఉంటుంది. సన్నటి గరుకు కాగితాన్ని మడిచి ఆ ముఖాలను, బిగింపు స్క్రూ కొనను రెండు మూడుసార్లు రుద్దండి. కొత్త బ్లేడు కొనలకు తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, దాన్నీ తుడిచాకే బిగించాలి. బ్లేడు ఊరికే ఊడివస్తోందని విసుగుపడేవారిలో చాలామందికి ఇంతటితో సమస్య తీరిపోతుంది.

ఇక బల్ల బ్లేడుకు సరిగ్గా లంబంగా ఉందో లేదో చూడాలి. బల్ల కింద డిగ్రీల గుర్తులను నమ్మకండి. చిన్న మూలమట్టం ఆనించి చూస్తే సుమారుగా తెలుస్తుంది. నిక్కచ్చిగా తెలియాలంటే ఒకటిన్నర అంగుళం మందం ఉన్న ముక్క అంచులో కొద్ది లోతు కోత పెట్టి యంత్రం ఆపండి. ముక్కను బల్ల మీదే అర్ధవృత్తం తిప్పి, అదే కోతలోకి బ్లేడు వెనుక వైపు నుంచి దూరేలా జరపండి. కోతలోకి బ్లేడు తాకకుండా దూరితే లంబంగా ఉన్నట్టు. ఒక పక్కకు ఒరుసుకుంటే బల్ల వంపును కొద్దికొద్దిగా సరిచేస్తూ మళ్లీ కోసి చూడండి. పల్చటి ప్లైవుడ్‌లో ఈ తేడా కనపడదు గానీ, మందం చెక్కలో ముక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడే పని చేసేటప్పుడు అరడిగ్రీ తేడా కూడా పట్టేస్తుంది.

రెండో మెట్టు: బ్లేడు

ఈ పనిలో యంత్రం కన్నా బ్లేడే ముఖ్యం. డబ్బాలో మిగిలిన పాత బ్లేడ్లకు తుప్పు మచ్చ కనపడితే మొహమాటం లేకుండా పారేయండి.

మామూలు స్క్రోల్ సా బ్లేడు పొడవు 5 అంగుళాలు. రెండు కొనల్లో అడ్డంగా చిన్న సూది ఉండేవి పిన్ బ్లేడ్లు, అది లేనివి సాదా బ్లేడ్లు. పిన్ బ్లేడు బిగించడం తేలిక, కానీ ఆ పిన్ దూరడానికి బెజ్జం పెద్దది కావాలి కాబట్టి సన్నటి జాలీ పని, అంటే పలక లోపల ఖాళీలు కోసి తీసే పని, దానితో కుదరదు. మీ యంత్రం పిన్ బ్లేడ్లే తీసుకుంటుందా, సాదావి కూడా పట్టే క్లాంపులు దానికి దొరుకుతాయా అన్నది కనుక్కోవడం కొత్త యంత్రం గురించి ఆలోచించడం కన్నా ముందు చేయాల్సిన పని.

బ్లేడు సైజు అంకెల్లో ఉంటుంది. 2/0 లాంటివి వెంట్రుకంత సన్నవి. 1, 3, 5, 7, 9, 12 అని పెరిగేకొద్దీ బ్లేడు వెడల్పు, మందం, పళ్ల పరిమాణం పెరుగుతాయి. మళ్లీ మొదలుపెట్టేవారికి 3, 5, 7 నంబర్లు చాలు. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 3, అర అంగుళం దాకా 5, ముప్పావు అంగుళం గట్టి చెక్కకు 7 అని స్థూలంగా పెట్టుకోండి. ఏ మందమైనా కనీసం మూడు పళ్లు ఎప్పుడూ చెక్కలో ఉండాలన్నది ఆ లెక్క వెనుక ఉన్న సూత్రం. అంతకన్నా తక్కువ ఉంటే పళ్లు చెక్కను కోయవు, తగులుకుని ఎగరేస్తాయి.

పళ్ల అమరికలో స్కిప్ టూత్, అంటే పన్ను విడిచి పన్ను ఉండే రకం, పొట్టును బయటికి బాగా తోస్తుంది, చెక్క తక్కువ మాడుతుంది. రివర్స్ టూత్ రకంలో అడుగున ఉండే కొన్ని పళ్లు పైకి తిరిగి ఉంటాయి. చెక్క అడుగున పేళ్లు లేవకుండా అవి కాపాడతాయి. దీన్ని బిగించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది: యంత్రం చేయి పూర్తిగా పైకి లేచినప్పుడు ఆ తిరగబడ్డ పళ్లలో రెండు మూడు బల్ల ఉపరితలం దాటి పైకి కనపడాలి. కనపడకపోతే అవి ఉండీ లేనట్టే. స్పైరల్ బ్లేడుకు చుట్టూ పళ్లుంటాయి, చెక్కను తిప్పకుండానే ఎటైనా కోయొచ్చు. అయితే కోత వెడల్పుగా, గరుకుగా వస్తుంది, సరళరేఖ నిలవదు. చేయి కుదురుకునే దాకా దాని జోలికి పోవద్దని నా సలహా.

బిగువు సంగతి. బ్లేడు బిగించాక వేలితో మీటితే మందంగా కాకుండా ఖంగుమని మోగాలి. పక్కకు నొక్కితే 3 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ వంగకూడదు. వదులు బ్లేడు మలుపుల్లో పక్కకు వంగి, కోత అంచును పైన ఒకలా కింద ఒకలా చేస్తుంది. అతిగా బిగిస్తే త్వరగా తెగుతుంది. అయినా వదులుగా ఉండడం కన్నా కాస్త బిగువుగా ఉండడమే నయం.

బ్లేడు ఎంతసేపు పనిచేస్తుందన్నది చెక్కను బట్టి మారుతుంది. గట్టి చెక్కలో పావుగంటకే పదును పోవచ్చు, మెత్తని చెక్కలో ముప్పావు గంట రావచ్చు. టేకులో సహజంగా ఉండే సిలికా, ప్లైవుడ్‌లోని జిగురు పళ్లను తొందరగా అరగదీస్తాయి. తెగేదాకా వాడడం పొదుపు కాదు. ఇంతకుముందు కన్నా గట్టిగా నెడుతున్నానని అనిపించిన మరుక్షణం బ్లేడు మార్చేయండి.

మూడో మెట్టు: కూర్చునే తీరు, వెలుతురు, ఊపిరి

మోచేతులు బల్ల ఎత్తుకు రావాలి. భుజాలు పైకెత్తి పనిచేస్తే పావుగంటలో మెడ పట్టేస్తుంది, అప్పుడూ చేయి గట్టిగానే నెడుతుంది. యంత్రం వెనుక కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టి ముందుకు కొద్దిగా వాలిస్తే మెడ వంచకుండానే గీత కనపడుతుంది. కాలితో నొక్కే స్విచ్చు దొరికితే పెట్టుకోండి. జాలీ పనిలో బ్లేడు విప్పి బిగించే ప్రతిసారీ చేతులు ఖాళీగా ఉంటాయి.

ఇదివరకు ఈ పని చేసినప్పటి కళ్లు ఇప్పుడు ఉండకపోవచ్చు. భూతద్దం ఉన్న దీపం ఒకటి, మడతపడే కాడ ఉన్నది, బ్లేడుకు పక్కగా పెట్టుకోండి. వెలుతురు తల వెనుక నుంచి వస్తే సొంత నీడే గీత మీద పడుతుంది. దగ్గరి చూపుకు కళ్లద్దాలు వాడేవారు బ్లేడు దూరంలో గీత స్పష్టంగా ఉందో లేదో చూసుకోవాలి, చదివే దూరం వేరు, ఈ దూరం వేరు.

చెక్క పొట్టు విషయంలో నేను రాజీపడను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో మొదటి వర్గంలో పెట్టింది. స్క్రోల్ సా పొట్టు మరీ సన్నది, పైగా గీత మీది నుంచి గాలి ఊదేస్తుంది కాబట్టి అది నేరుగా ముక్కు దగ్గరికే లేస్తుంది. ఎన్95 మాస్కు, బల్ల కింద వ్యాక్యూమ్ గొట్టం, తెరిచిన కిటికీ మూడూ ఉండాలి. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఒక్క కోత కూడా వద్దు, తెగిన బ్లేడు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు, గాజులు పనికిరావు. వేళ్లు ఎప్పుడూ బ్లేడుకు పక్కల ఉండాలి, ఎదురుగా కాదు.

నాలుగో మెట్టు: చేతికి అంచనా తిరిగి తేవడం

ఇక్కడ ఆగి ఎక్కువ సమయం ఇవ్వండి. అర అంగుళం మందం ఉన్న మెత్తని చెక్క ముక్కలు కొన్ని, 5వ నంబరు బ్లేడు తీసుకోండి. వాటి మీద పెన్సిలుతో సరళరేఖలు, అలలు, చుట్టలు, చతురస్రాలు, నక్షత్రాలు గీయండి. ఏ వస్తువూ చేయొద్దు. వస్తువు చేస్తున్నామనగానే పూర్తిచేయాలన్న తొందర వస్తుంది, తొందరలో చేయి బిగుసుకుంటుంది.

వేగం తగ్గించి మొదలుపెట్టండి. చాలా యంత్రాల్లో నిమిషానికి సుమారు 400 నుంచి 1,700 దాకా పోట్లు, అంటే బ్లేడు పైకీ కిందికీ ఆడే సార్లు, ఉంటాయి. సగం వేగంలో పెట్టి, బ్లేడు ఎంత తీసుకుంటే చెక్కను అంతే నెట్టండి. కోస్తూ ఉండగా బ్లేడును పక్క నుంచి చూడండి. వెనక్కి విల్లులా వంగుతోందంటే నెట్టుడు ఎక్కువైంది. ఇంకో పరీక్ష: యంత్రం నడుస్తుండగా చెక్కను ముందుకు నెట్టడం ఆపి, వేళ్లతో ఊరికే బల్లకు ఒత్తి ఉంచండి. చెక్క మీవైపు వెనక్కి జరగాలని చూస్తే బ్లేడు మీద ఒత్తిడి పేరుకుపోయిందన్నమాట. శబ్దం కూడా చెబుతుంది. సరిగ్గా కోసేటప్పుడు ఏకరీతిగా గుయ్యిమంటుంది, ఎక్కువ నెడితే గొంతు బొంగురుపోతుంది.

సరళరేఖ కోయబోతే కోత పక్కకు పోతుంటుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. చాలా బ్లేడ్లను తయారుచేసేటప్పుడు ఒక పక్కన, సాధారణంగా కుడివైపున, సన్నటి ఇనుప పొర లేచి ఉంటుంది. ఆ పక్క ఎక్కువ కోస్తుంది కాబట్టి కోత అటు లాగుతుంది. చెక్కను నేరుగా కాకుండా కొన్ని డిగ్రీలు తిప్పి నెడితే గీత మీద నిలుస్తుంది. ఎంత తిప్పాలన్నది బ్లేడు బ్లేడుకూ మారుతుంది, అందుకే కొత్త బ్లేడు బిగించిన ప్రతిసారీ వ్యర్థపు ముక్క మీద ఒక జానెడు కోసి చూసుకోవడం మంచి అలవాటు. గ్రైండింగ్ చక్రంతో పళ్లు తీర్చిన ఖరీదైన బ్లేడ్లలో ఈ లాగుడు తక్కువ.

చూపు బ్లేడు మీద కాకుండా దానికి కాస్త ముందున్న గీత మీద పెట్టండి. గీత మీదే కోస్తారా, గీత బయటి అంచున కోస్తారా అన్నది మొదటే నిర్ణయించుకుని మార్చకండి. గీత తప్పితే గభాలున వెనక్కి లాగొద్దు. మెల్లగా, కనపడనంత వాలుతో మళ్లీ గీతను కలవండి. పూర్తయ్యాక చూసేవారికి తెలిసేది గీత కాదు, వంపు నున్నగా ఉందా లేదా అన్నదే.

మూలలు తిప్పడం రెండు రకాలు. పదును బ్లేడుతో మూల దాకా వెళ్లి, నెట్టడం పూర్తిగా ఆపి, బ్లేడు వీపు మీద భారం వేసి చెక్కను చటుక్కున తిప్పేయొచ్చు. 3వ నంబరు లాంటి సన్న బ్లేడుతో ఇది బాగా కుదురుతుంది. లోపలి వ్యర్థం పారేసేదే అయితే ఇంకా శుభ్రమైన పద్ధతి ఉంది: ఒక గీత మీద మూల దాకా కోసి, కొద్దిగా వెనక్కి వచ్చి, వ్యర్థభాగంలోంచి చుట్టు తిరిగి, రెండో గీతను అవతలి దిశ నుంచి మూలకు తీసుకురండి. మూల కత్తితో కోసినట్టు వస్తుంది.

అరగంటకోసారి లేచి వేళ్లు విదిలించుకోండి. చేయి అలసిందని తెలిసేలోపే నెట్టుడు పెరిగి ఉంటుంది.

ఐదో మెట్టు: చెక్క, నమూనా

మొదట్లో 6 మిల్లీమీటర్ల మంచి బిర్చ్ ప్లైవుడ్, లోపల ఖాళీలు లేనిది, వాడండి. చౌక ప్లైవుడ్ పొరల మధ్య ఖాళీల్లో బ్లేడు ఉలిక్కిపడుతుంది. పైన్ మెత్తనిదే కానీ దాని వలయాల్లో ఒకటి మెత్తగా, తర్వాతిది గట్టిగా ఉండడంతో బ్లేడు అటూ ఇటూ తిరుగుతుంది. చేతి అంచనా ఇంకా కుదరని రోజుల్లో అది మనల్ని తికమకపెడుతుంది. మేపుల్, చెర్రీ చెక్కలు అందంగా ఉంటాయి, త్వరగా మాడతాయి. ఎండీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలక, సులువుగా తెగుతుంది గానీ దాని ధూళి చెక్క ధూళి కన్నా చికాకు పెడుతుంది, జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది.

నమూనాను నేరుగా చెక్కకు అంటించకండి. ముందు చెక్క మీద రంగులేసేవారు వాడే నీలం టేపు పరవండి, దాని మీద స్ప్రే జిగురుతో కాగితం అంటించండి. జిగురు కాగితం వెనుక చల్లాలి, చెక్క మీద కాదు. పైన పారదర్శకమైన ప్యాకింగ్ టేపు వేస్తే గట్టి చెక్కలు మాడడం బాగా తగ్గుతుంది. పని అయ్యాక నీలం టేపుతో పాటే అంతా ఒలిచేయొచ్చు.

నమూనాలో పొడవాటి సన్నటి భాగాలుంటే చెక్క నార వాటి పొడవునా వెళ్లేలా నమూనాను తిప్పి అంటించండి. నారకు అడ్డంగా ఉన్న సన్న ముక్క చేతిలోనే విరుగుతుంది.

ఆరో మెట్టు: మొదటి వస్తువు

జాలీ పనితో మొదలుపెట్టాలని మనసు లాగుతుంది. దానికన్నా ముందు ముప్పావు అంగుళం మందం ఉన్న చెక్కలో ఐదారు ముక్కల జంతువు బొమ్మ పజిల్ చేయమంటాను. పజిల్ పుట్టుకే ఈ పని నుంచి. 1760లలో లండన్‌లో పటాల చెక్కుడు పనివాడు జాన్ స్పిల్స్‌బరీ దేశాల పటాలను పలకలకు అంటించి సరిహద్దుల వెంట సన్న రంపంతో కోసి, పిల్లలకు భూగోళం నేర్పే ఆటగా అమ్మాడు.

పజిల్‌లో దాక్కోవడానికి చోటుండదు. బల్ల లంబంగా లేకపోతే ముక్క ఒక వైపు నుంచే ఊడుతుంది, రెండో వైపు నుంచి రాదు. బ్లేడు వదులైతే మధ్యలో పొట్ట పెట్టి ఇరుక్కుంటుంది. అంతకుముందు మెట్లన్నీ సరిగ్గా జరిగాయో లేదో ఒక్క వస్తువు చెప్పేస్తుంది. ముందు బయటి ఆకారం మొత్తం కోసి, తర్వాత లోపలి గీతలు కోయండి. మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఇచ్చేదైతే నోట్లో పట్టే చిన్న ముక్కలు లేకుండా గీసుకోవాలి.

జాలీ పనిలో వరస దీనికి తిరగబడుతుంది. అన్ని బెజ్జాలూ ముందే వేసేయండి, అడుగున పనికిరాని పలక పెట్టి. 3వ నంబరు బ్లేడుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ సరిపోతుంది. బెజ్జాల అడుగున లేచిన పేళ్లను గరుకు కాగితంతో తీసేయాలి, లేకపోతే పలక బల్ల మీద ఎత్తుపల్లాలుగా కూర్చుంటుంది. నడిమి చిన్న ఖాళీలు మొదట, పెద్దవి తర్వాత, బయటి అంచు అన్నిటికన్నా చివర. పెద్ద ఖాళీలు ముందే తీసేస్తే పలక బలం పోయి, చిన్నవి కోసేటప్పుడు అదిరి విరుగుతుంది. ఊడిన ముక్క బ్లేడు పక్కన ఇరుక్కుంటే యంత్రం ఆపాకే తీయండి.

ఏడో మెట్టు: ముగింపు పనులు

కాగితం మొరాయిస్తే వేడి గాలి చూపిస్తే జిగురు మెత్తబడుతుంది. 150 నంబరు, ఆ తర్వాత 220 నంబరు గరుకు కాగితం చాలు. జాలీ లోపలి అంచులను రుద్దాల్సిన అవసరం వచ్చిందంటే బ్లేడు ముందే మార్చి ఉండాల్సింది. జాలీ పనికి బ్రష్షు మూలల్లోకి వెళ్లదు, అందుకని వెడల్పాటి పళ్లెంలో డేనిష్ ఆయిల్ (చెక్కలోకి ఇంకే పాలిష్ నూనె) పోసి వస్తువును ముంచి తీసి, కారనిచ్చి తుడవడం మేలు.

నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలకు పడేయకండి. అవిసె నూనె కలిసిన ఏ పాలిషైనా ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది, ముద్దగా ఉన్న గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. ఒక్కొక్కటీ విడదీసి బయట ఆరేయండి, లేదా నీళ్లలో తడిపి మూత ఉన్న లోహపు డబ్బాలో ఉంచండి.

ఆ తర్వాత

పజిల్ రెండు వైపుల నుంచీ హాయిగా ఊడుతున్నప్పుడు ముందుకు వెళ్లొచ్చు. చదరంగపు పావులు ఈ దశకు మంచి పని. ఒకటిన్నర అంగుళం చదరపు దిమ్మె పక్కపక్క ముఖాల మీద నమూనా మడిచి అంటించండి. ఒక ముఖం కోసి, ఊడిన ముక్కలను మళ్లీ యథాస్థానంలో పెట్టి టేపు చుట్టి, దిమ్మెను పావు వంతు తిప్పి రెండోది కోయాలి. లోపలి నుంచి నాలుగు వైపులా తీర్చిన పావు బయటికొస్తుంది. మందం ఎక్కువ కాబట్టి నెట్టుడు సగానికి తగ్గించాలి.

పొదుగుడు పని దాని తర్వాతే. రెండు రంగుల పలకలను ఒకదాని మీద ఒకటి అంటించి, బల్లను కొద్దిగా వంచి రెండింటినీ కలిపి కోస్తారు. వాలు వల్ల ఒక పలకలోని ముక్క రెండో పలక ఖాళీలో బిరడాలా బిగుస్తుంది, కోత సందు మాయమవుతుంది. పావు అంగుళం పలకలకు 3 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి వ్యర్థపు ముక్కల మీద సరిచూసుకోండి. ముక్క మరీ పైకి నిలిస్తే వాలు తగ్గించాలి, జారిపడిపోతే పెంచాలి. చెక్కను మొదటి నుంచి చివరిదాకా ఒకే దిశలో తిప్పాలి, దిశ మారితే వాలు తిరగబడి ముక్క ఇమడదు.